చెరకు కాటా మీద దిండీ

ఆ వేసవిలో మా అత్తగారు రోజూ పొద్దున్నే భజన తాళాలు సంచిలో వేసుకుని నా వంతెనకు వ్యతిరేకంగా ధర్నాకు వెళ్లేవారు. ఎండ ముదిరే వేళకు తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, పొయ్యి దగ్గర పీట వేసుకుని జొన్న భాకరీలు తట్టేవారు. నేను కాల్చేదాన్ని. వంతెన మాట మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. ఉప్పు అందుకో, మంట తగ్గించు, అంతే మా సంభాషణ.

మా నిమ్‌వాడి జంక్షన్‌ను రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. బజారు, బస్టాండు, ఆసుపత్రి అటు. మా ఇళ్లు, బడి, పొలాలు ఇటు. నడుమ గూడ్సు బళ్లు లైన్లు మారే యార్డు. దాన్ని దాటడానికి ఉన్నది ఒక్క గేటు. రోజులో సగంసేపు అది మూసే ఉంటుంది. జనం మాత్రం ఆగరు. ఆగి ఉన్న గూడ్సు కింద నుంచి చీరలు ఎగ్గట్టుకుని, పిల్లల్ని ముందు తోసి, దూరిపోతారు. అందుకే గేటు శాశ్వతంగా మూసేసి నడిచే వాళ్ల కోసం ఉక్కు వంతెన వేస్తామన్నారు రైల్వేవాళ్లు. బళ్లకు ఊరవతల కింద నుంచి దారి. ఆ వంతెన డిజైను పని మా ఆఫీసుకు వచ్చింది.

ఆఫీసు అంటే మా ఇంటి ముందు గదే. బయట బోర్డు మీద మా ఆయన జయవంత్ పేరు ఉంటుంది. ఇద్దరం షోలాపూర్ కాలేజీలో ఒకే బెంచీ. ఆయన బయట తిరిగి పనులు తెచ్చేవాడు, నేను లోపల లెక్కలు కట్టేదాన్ని. అప్పటిదాకా మేం చేసినవన్నీ గోడౌన్ల రేకుల కప్పులు, నీళ్ల ట్యాంకుల స్తంభాలు. ఇప్పుడు వచ్చింది వేరే సంగతి. యార్డులో ఎక్కడా స్తంభం దించడానికి వీల్లేదు, అన్ని లైన్లూ నడుస్తున్నవే. కింద పాతికవేల వోల్టుల తీగలు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎనభై నాలుగు మీటర్లు, ఒక్క గెంతులో దాటాలి. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. సంతోషంతో. కూర తరుగుతూ వంతెన, బట్టలు ఆరేస్తూ వంతెన. తాడు మీద తడి చీర బరువుకు తాడు ఎంత వంగిందో చూస్తూ నిలబడిపోయేదాన్ని.

ఆయీకి ఈ వంతెన ఎందుకు పడలేదంటే, ఆషాఢంలో మా ఊరి దిండీ, అంటే విఠ్ఠలుడి భక్తుల భజన గుంపు, పండరీపురానికి నడిచి వెళ్లేది ఆ గేటు మీదుగానే. మా అత్తగారిని ఊరంతా ఆయీ అనే పిలుస్తుంది, నేనూ అంతే. దిండీలో ఆడవాళ్ల వరసకు ఆవిడే పెద్ద. వీణ, జెండాలు, మృదంగం, తాళాలు, తల మీద తులసికోటలు. విఠ్ఠలుడి పేరు పలుకుతూ, పావలీ వేసుకుంటూ పట్టాలు దాటేవాళ్లు. పావలీ అంటే ఊరికే నడక కాదు. అందరూ ఒకేసారి ముందుకో అడుగు, వెనక్కో అడుగు, వంగి లేచి ఒక గెంతు. దరువు పెరిగేకొద్దీ గెంతు పెరుగుతుంది.

వైశాఖంలో ఒకనాడు భోజనాల దగ్గర జయవంత్ నోరు జారాడు.

"ఆయీ, మీ ధర్నా సంగతి రైల్వేవాళ్ల దాకా వెళ్లింది. వంతెన మీద నుంచి దిండీని పోనిస్తారట. కాకపోతే పైకెక్కాక ఆడకూడదు, అడుగు కలిపి నడవకూడదు. రెండు చివర్లా బోర్డు పెట్టిస్తారు."

ఆయీ చేతిలో భాకరీ ముక్క అలాగే ఆగింది. "ఏం రాయిస్తారు బోర్డు మీద?"

"అదే. గుంపుగా గెంతరాదు, దరువు వేయరాదు..."

"ఎవరు రాయమన్నారు?"

జయవంత్ నా వైపు చూశాడు. ఆయీ కూడా చూశారు. అన్ని వారాల్లో మొదటిసారి ఆవిడ నాతో వంతెన గురించి మాట్లాడారు.

"అయితే నీ వంతెనకి మా కాళ్లంటే భయమన్నమాట."

"భయం కాదు ఆయీ. పొడుగాటి వంతెన ఏదైనా దానికంటూ ఒక ఊపు ఉంటుంది. ఉయ్యాల్లో పిల్లని సరిగ్గా వెనక్కొచ్చినప్పుడల్లా తోస్తే ఏమవుతుంది? చిన్న తోపుకే పైకెళ్లిపోతుంది. మనుషులు విడివిడిగా నడిస్తే ఒకరి తోపు ఒకరు చెరిపేస్తారు. అందరూ ఒకేసారి గెంతితే..."

"పడిపోతుందా?"

"పడదు. ఊగుతుంది. ఊగితే జనం భయపడి పరిగెడతారు. తొక్కిసలాట అవుతుంది."

"మరి ఊగకుండా కట్టు. చదువుకున్నావుగా!" అన్నారు ఆయీ. "గేటు దగ్గర మా అత్త ఆడింది, నేను ఆడాను. దేవుడి దగ్గరికి పోతూ, పైకెక్కి, చావింటికి పోతున్నట్టు తల దించుకుని నడవాలా?"

"ఆయీ, అసలు లెక్క తెలుసా నీకు? ఇది చాలా..." అని మొదలుపెట్టాడు జయవంత్.

"నువ్వు ఊరుకో. గోడౌన్ కాదిది. నేను ఇంజనీరుతో మాట్లాడుతున్నా."

ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో సంతోషపడాలో నాకు తెలియలేదు. పప్పు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. కానీ పళ్లెం కడుగుతుంటే బుర్రలో అదే తిరుగుతోంది. ఊగకుండా కట్టు.

నిజానికి బోర్డు ఆలోచన నాదే. నియమాల పుస్తకాల్లో మామూలు నడకకు లెక్క ఉంది, పరుగుకు ఉంది. పావలీకి లేదు. లేనిదాన్ని నిషేధిస్తే సరిపోతుందనుకున్నాను. ఆ మధ్యాహ్నం నా వంతెన ఊపు మళ్లీ లెక్కేశాను. సెకనుకు రెండుసార్ల కన్నా కొంచెం ఎక్కువ. దిండీ దరువు ఎంత ఉంటుందో నాకు తెలియదు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆ తాళాల చప్పుడు విన్నదాన్ని, తెలియదు!

మర్నాడు పొద్దున ఆయీ కన్నా ముందే గేటు దగ్గరికి వెళ్లాను. వేపచెట్టు కింద గోనెపట్టాల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. జామకాయలు అమ్మే కొండాబాయి నన్ను చూడగానే అరిచింది.

"వచ్చిందమ్మా గేటు మూసే కోడలు! ఏంటే ఉల్కా, దారి తప్పావా?"

"లేదు మావశీ. మిమ్మల్ని ఆడించడానికి వచ్చా."

వాళ్లకు అర్థం కాలేదు. నాకు కావలసింది చెప్పాను. మీ గెంతు నేల మీద ఎంత బలంగా పడుతుందో తూచాలి. ఒక్కరిది కాదు, అందరిదీ కలిపి, దరువుతో. తూస్తే వంతెనను మీ కాళ్లకు తగ్గట్టు కడతాను. కట్టలేకపోతే అది కూడా మీకే మొదట చెబుతాను.

మృదంగం వాయించే ధోండిబా మామ మీసం దువ్వుకున్నాడు. "మమ్మల్ని తూచే తక్కెడ ఎక్కడుందమ్మా?"

"చక్కెర ఫ్యాక్టరీలో," అన్నాను.

కొండాబాయి పకపకా నవ్వింది. "చెరకు కాటా మీదా? ట్రాక్టర్లెక్కే కాటా మీద మేమా?"

అప్పుడే వచ్చిన ఆయీ సంచి భుజాన సర్దుకుంటూ అంతా విన్నారు. నా ముఖంలోకి చూసి, "ఎప్పుడు?" అన్నారు.

గానుగాట సీజను ముగిసి ఫ్యాక్టరీ ఖాళీగా ఉంది. కాటా చూసుకునే వాఘ్‌మారే మొదట ఒప్పుకోలేదు. ఉన్నదున్నట్టు చెబితే పిచ్చిదనుకుంటాడని, "ఉక్కు పలక మీద పరీక్ష" అన్నాను. పరీక్ష అనగానే సరేనన్నాడు. కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు ఫర్జానా, బరువులో ప్రతి వణుకునూ నమోదు చేసే యంత్రం పట్టుకొచ్చింది. కాటా పక్కన ఉండే అంకెల తెర నిదానం, అంత వేగాన్ని అందుకోలేదు. మా యంత్రం తీగలను కాటా కింది తూనిక దిమ్మెలకు కలిపాం. చెరకు మడ్డి తీపి వాసన ఇంకా వదలని ఆ ఆవరణలో, రెండు టెంపోల్లో దిండీ దిగింది. తొమ్మిది గజాల చీరలు, నుదుట గోపీచందనం, మెడలో తులసి పూసలు. వాఘ్‌మారే టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదేం పరీక్ష వహినీ?"

"చూస్తుండు."

ముందు అందరినీ కాటా మీద కదలకుండా నిలబెట్టాను. తెర మీద మొత్తం బరువు వచ్చింది. "ఎవరిదెంతో విడివిడిగా చెప్పకు తల్లీ, పరువు పోతుంది," అంది కొండాబాయి. అందరూ నవ్వారు, బరువు అంకె కూడా నవ్వింది, ఊగిసలాడింది. అప్పుడు ధోండిబా మామ మృదంగం మీద చెయ్యి వేశాడు.

నిదానంగా మొదలైంది. విఠ్ఠల, విఠ్ఠల. తాళాలు ఒక్కటిగా పడ్డాయి. ముందుకు, వెనక్కి. ఫర్జానా తెర మీద సన్నటి అల లేచింది, అందంగా, ఒకదాని వెనక ఒకటి. దరువు పెరిగింది. అల నిటారుగా లేవడం మొదలుపెట్టింది. సెకనుకు రెండు. రెండు దాటింది. ఆయీ మధ్యలో ఉన్నారు. ఇంట్లో మోకాలి నొప్పి అని మెట్టు దిగడానికి గోడ పట్టుకునే ఆవిడ, వంగి లేచి గాల్లోకి లేచారు. పక్కన అందరూ లేచారు. ఆ క్షణం తెర మీద గీత కిందకు జారిపోయి దాదాపు సున్నాను తాకింది.

"ఉల్కా! ఇటు చూడు, వీళ్లకి బరువే లేదు!" ఫర్జానా నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

మరుక్షణం అందరూ దిగారు. ధన్ మంది కాటా. గీత మామూలు బరువుకు రెండున్నర రెట్లు పైకి లేచింది. మళ్లీ సున్నా. మళ్లీ కొండ. నేను అరుస్తున్నానని నాకే తెలియలేదు. "ఇంకా! ధోండిబా మామా, ఇంకా పెంచు!" దరువు సెకనుకు రెండున్నర దాకా వెళ్లి అక్కడ నిలిచింది, అంతకు మించి మనిషి కాలు లేవదు. వాఘ్‌మారే కాటా బయట నిలబడి తనకు తెలియకుండానే చప్పట్లు కొడుతున్నాడు.

ఆగాక అందరూ ఆ ఉక్కు పలక మీదే కూలబడ్డారు. ఆయీ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఆయాసపడుతూ నా వైపు వచ్చారు.

"తూచావా?"

"తూచాను."

"నీ వంతెన ఆగుతుందా?"

"ఇప్పుడున్నట్టయితే ఆగదు ఆయీ. మీ దరువు, దాని ఊపు రెండూ ఒక్కచోటే ఉన్నాయి."

మా ఇంట్లో అబద్ధం చెబితే ఆవిడ కళ్లు చిన్నవి చేసి చూస్తారు. ఆ రోజు అలా చూడలేదు. "అయితే మార్చు," అని నీళ్ల బిందె దగ్గరికి వెళ్లిపోయారు.

మార్చడమంటే మాటలు కాదు. వంతెన ఊగే వేగం దిండీ దరువు వేగం కన్నా బాగా పైకి పోవాలి, మనుషులతో నిండి ఉన్నప్పుడు కూడా. అంటే వంతెన ఇంకా బిగువుగా ఉండాలి. ఆమోదం కోసం రైల్వే ఆఫీసులో సమావేశం దగ్గర పడింది. జయవంత్ తల పట్టుకున్నాడు.

"మంజూరైన ఉక్కు టన్నుల మీద ఒక్క టన్ను పెరిగినా మళ్లీ మొదటి నుంచి తిరగాలి ఉల్కా. ఉన్నది ఇచ్చేద్దాం. బోర్డు పెడతామన్నారుగా."

"బోర్డు చదివి ధోండిబా మామ మృదంగం ఆపుతాడా?"

"ఆపడు."

"మరి?"

"మరి నాకు తెలీదు. ఇంట్లో ఒకవైపు నువ్వు, ఒకవైపు ఆయీ, నడుమ నేను గేట్‌మేన్‌లా పచ్చజెండా ఎర్రజెండా పట్టుకు నిలబడ్డాను." విసుక్కుంటూనే నవ్వాడు. "ఎన్ని రోజులు కావాలి?"

"సమావేశం దాకా ఎన్నుంటే అన్నీ."

ఆ వారం నేను చేయాల్సిన గోడౌన్ లెక్కలన్నీ తన బల్ల మీదకు లాక్కున్నాడు.

మధ్యాహ్నాలు ముందు గది కొలిమిలా ఉండేది. వరండాలో చల్లటి షాబాద్ బండల మీద కూర్చుని సుద్దముక్కతో గీసేదాన్ని. కింద నుంచి ఉక్కు చేరుద్దామంటే తీగలు అడ్డు. నేల ఎత్తు పెంచుదామంటే ముసలివాళ్లు ఎక్కే వాలు దారి ఇంకా పొడుగవుతుంది. కాంక్రీటు నేల తీసేసి పలచటి ఉక్కు పలక వేస్తే బరువు తగ్గి ఊపు పైకి పోతుందని ఒకరోజు గంతులేశాను. ఆయీ అక్కడే కూర్చుని మినుములు ఏరుతున్నారు.

"ఉక్కు పలకా? వట్టి కాళ్లతో వస్తామే మేము. ఎండలో పెనం, వానలో నాచు."

ఆ దారీ మూసుకుపోయింది. ఆయీకి తోచిన సలహా ఒక్కటే: ఇంకా ఇనుము పెట్టు.

"ఎంత పెడితే అంత బరువు, ఆ బరువూ అదే మోయాలి ఆయీ. లావు ఉంటేనే బలం కాదు. ఇదిగో," అని నా స్కేలు ఆవిడ చేతికిచ్చాను. "బల్లపరుపుగా పట్టుకుని వంచండి."

వంగింది.

"ఇప్పుడు అంచు మీద నిలబెట్టి వంచండి."

ఆవిడ రెండు చేతులా ప్రయత్నించారు. పళ్లు బిగబట్టి మరోసారి చూశారు. వంగలేదు.

"అదే స్కేలు కదా!"

"అదే స్కేలు. ఎత్తు పెరిగింది, అంతే. వంతెన పక్కల ఉండే ఉక్కు చట్రం కూడా ఎంత ఎత్తుంటే అంత బిగువు. కానీ పైన కప్పు ఉంది, దాని రేకులు, దాని దూలాలు. ఉన్న టన్నులు అక్కడ ఖర్చయిపోతున్నాయి."

ఆయీ స్కేలు తిప్పి తిప్పి చూస్తున్నారు. "కప్పు ఎంత ఎత్తులో?"

చెప్పాను.

"అయితే జెండా తగులుతుంది."

"ఏ జెండా?"

"ఏ జెండా అంటావేంటే! దిండీ ముందు నడిచే కాషాయం జెండాలు. వాటిని వంచం మేము. ఎక్కడా వంచం."

కప్పు పైకి జరిపితే టన్నులు చాలవు. కిందుంటే జెండాలు తగులుతాయి. అసలు కప్పే లేకపోతే? దాని ఉక్కంతా చేతికొస్తుంది. గాలి ఒత్తిడి తగ్గుతుంది. చట్రం ఎంత ఎత్తుకైనా లేవచ్చు. అంతటా అవసరం లేదు, ఎక్కువ వంగేది నడుమనే. నడుమ ఎత్తుగా, చివర్లకు దిగుతూ...

"ఆయీ, వానలో తడిస్తే ఫర్వాలేదా?"

"ఆషాఢంలో తడవకపోతే అది పండరి యాత్ర ఏంటే?"

బండ మీద ఉన్న గీతలన్నీ అరచేత్తో చెరిపేసి కొత్త గీత గీశాను. ఈ చివర నుంచి లేచి, నడుమ ఎత్తుకు పోయి, ఆ చివర దిగే ఒకే వంపు. ఆయీ మినుముల చేట పక్కన పెట్టి, లేచి, కాళ్లు చెరపకుండా చుట్టూ తిరిగి చూశారు.

"ఒంటె వీపులా ఉంది," అన్నారు. కొంతసేపటికి, "బానే ఉంది," అన్నారు.

ఆ వంపును కంప్యూటర్లోకి ఎక్కించి ఊపు లెక్కకు పెట్టి, ఫలితం వచ్చేలోపు కుర్చీలో కూర్చోలేక వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. వచ్చింది. దిండీ అత్యంత వేగపు దరువు కన్నా బాగా పైన, వంతెన నిండా మనుషులున్నా. టన్నులు? మంజూరైన దానికన్నా ఒక పిసరు తక్కువే. "జయా!" అని నేను పెట్టిన కేకకు జయవంత్ గోడౌన్ కాగితాలు కింద పడేసి పరిగెత్తుకొచ్చాడు, నాకేదో కరెంటు షాకు కొట్టిందనుకుని.

కొండాబాయికి మాత్రం కోపం వచ్చింది. "మిగతా రోజుల్లో నా జామకాయలు ఎండలో మాడాలా?" వాలు దారుల మీదా, మెట్ల మీదా కప్పు ఉంచాను. నడిమి భాగానికి గొడుగు తెచ్చుకోమన్నాను. ఆవిడ ఇప్పటికీ నన్ను ఆ విషయంలో క్షమించలేదు.

సమావేశానికి ఇద్దరం వెళ్లాం. రైల్వే పెద్ద ఇంజనీరు పాణిగ్రాహీగారు, ఒడియా మనిషి, బట్టతల, ముక్కు మీదకు జారే కళ్లద్దాలు. కాగితాలు తిరగేస్తూ, "జయవంత్‌గారూ, ఈ దరువు లెక్క ఏ పుస్తకంలోది?" అని అడిగారు.

జయవంత్ నా వైపు తిరిగాడు. నేను చెప్పాను. చక్కెర ఫ్యాక్టరీ, కాటా, తాళాలు. ఆయన నవ్వుతారేమోనని చూశాను. ఆయన గీతను వేలితో వెంబడించి, సున్నా దగ్గర వేలు ఆపారు.

"జయవంత్‌గారూ, ఇక్కడ వీళ్లంతా గాల్లో ఉన్నారా?"

జయవంత్ మళ్లీ నా వైపు తిరిగాడు. "ఉన్నారండీ," అన్నాను. "మా అత్తగారు కూడా."

పాణిగ్రాహీగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే జయవంత్‌గారూ. లెక్క బాగుంది. కానీ నా బళ్లు ఆగవు. యార్డు నడుమ క్రేను పెట్టనివ్వను. దీన్ని అటుపక్కకి ఎలా చేరుస్తారు?"

జయవంత్ ఈసారి నా వైపు తిరగలేదు. లేచాడు. తన కుర్చీ, పాణిగ్రాహీగారికి ఎదురుగా ఉన్నది, కొంచెం వెనక్కి లాగి నిలబడ్డాడు. నేను వెళ్లి అందులో కూర్చున్నాను. జయవంత్ నా కుర్చీలోకి వెళ్లి కూర్చుని నీళ్లు తాగాడు. ఆ గదిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

బల్ల మీద పాణిగ్రాహీగారి చెక్క స్కేలు తీసుకున్నాను. "వంతెన మొత్తం ఇటుపక్క ఖాళీ స్థలంలో నేల మీదే బిగిస్తాం. చక్రాల మీద ఎక్కించి, ఆదివారం పగలు మీరు కరెంటు ఆపి లైన్లిచ్చే గంటల్లో కొంచెం కొంచెంగా ముందుకు తోస్తాం." స్కేలును బల్ల అంచు దాటించి తోశాను.

"సగం దాటితే పడిపోతుంది," అన్నారు ఆయన వెంటనే, చెయ్యి కింద పట్టి.

"పడుతుంది. అందుకని దీనికి ముక్కు పెడతాం." ఆయన జేబులోని పెన్సిలు అడిగి తీసుకుని, రబ్బరు బ్యాండుతో స్కేలు ముందు చివరకు కట్టాను. అవతల పుస్తకాల దొంతర నిలబెట్టాను. "తేలికపాటి ముక్కు. వెనక బరువు ఎక్కువ, ముందు తక్కువ. వంతెన ఒరిగే లోపే ముక్కు అవతలి ఒడ్డును అందుకుంటుంది."

స్కేలు తోశాను. ఇంకొంచెం. అందరూ ముందుకు వంగారు. స్కేలు ఒరగబోతుండగా పెన్సిలు కొస పుస్తకాల మీద ఆనింది.

పాణిగ్రాహీగారు కుర్చీలోంచి లేచారు. "మళ్లీ. నన్ను తొయ్యనివ్వండి." ఆయన తోశారు. పక్కనున్న చిన్న ఇంజనీరు తోశాడు. టీ తెచ్చినాయన కూడా పళ్లెం పట్టుకుని నిలబడి చూశాడు. మూడోసారి తోసేటప్పుడు పాణిగ్రాహీగారు నోటితో రైలు కూత కూశారు.

వంతెన ఆమోదం పొందింది. బోర్డు ఉండదు. లేచేటప్పుడు ఆయీ నాతో పంపిన షరతు కూడా చెప్పాను. వంతెన తెరిచే రోజు దాకా గేటు మూయకూడదు. "ధర్నా మీ అత్తగారిదా?" అన్నారు ఆయన. "ఆ గీత చూశాక ఆవిడతో గొడవ పెట్టుకునే ధైర్యం నాకు లేదు. పైవాళ్లకు రాస్తాను." రాశారు. గేటు ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఆయీకి చెప్పాం. ఆవిడ లోపలికి వెళ్లి పురణ్ పోళీకి శనగపప్పు నానబెట్టారు. మర్నాడు గోడౌన్ పని మీద ఎవరో వచ్చి, "ఇంజనీరుగారు ఉన్నారా?" అని గుమ్మంలో అడిగితే, నేను లోపలి నుంచి విన్నాను. "ఉంది. పనిలో ఉంది. మా అబ్బాయితో మాట్లాడతావా, ఆమె వచ్చేదాకా ఆగుతావా?" అన్నారు ఆయీ.

ఆషాఢంలో మంచి వాన పట్టింది. దిండీ బయల్దేరే రోజు ఆయీ నా గదిలోకి వచ్చి, "లే. చీర కట్టుకో," అన్నారు.

"ఉక్కు ముక్కల కొలతల బొమ్మలు ఇవ్వాలి ఆయీ. వంట..."

"జయా చేసుకుంటాడు. చేతులున్నాయిగా."

వంటింట్లోంచి జయవంత్ గొంతు వినిపించింది. "పిఠ్లంలో వెల్లుల్లి ముందా, శనగపిండి ముందా?"

"చేసి చూడు, తెలుస్తుంది!" అన్నారు ఆయీ.

గేటు దగ్గర గూడ్సు పోయేదాకా ఆగాం. గేటు లేవగానే జెండాలు ముందుకు కదిలాయి. పట్టాల నడుమకు వచ్చాక ఆయీ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"ఎక్కడొస్తుంది?"

నేను పైకి చూపించాను. ఇటు నుంచి అటు దాకా, తీగల పైన, వేలితో వంపు గీశాను. ఆయీ తల ఎత్తారు. వెనక కొండాబాయి ఎత్తింది. ఒకరిని చూసి ఒకరు, వరస మొత్తం వానలో ముఖాలు పైకెత్తి ఆ ఖాళీ ఆకాశంలోకి చూశారు. అక్కడ మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా అందరూ ఏదో ఉన్నట్టే చూశారు. ధోండిబా మామ మృదంగం మోగించాడు. గేట్‌మేన్ ఎర్రజెండా ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. "ఇక్కడ కాదమ్మా, ఇక్కడ కాదు! మెయిల్ వస్తోంది, ముందు దాటండి!" నవ్వుకుంటూ, గెంతుకుంటూ దాటాం. ఆయీ నా చేతికి ఒక తాళాల జత ఇచ్చారు. నాకు పావలీ రాదు. ఒక అడుగు వెనక, ఒక అడుగు ముందు, అందరి కాళ్లూ తొక్కాను. "లెక్కలొచ్చు, కాళ్లు రావు," అని కొండాబాయి వెక్కిరించింది. పక్క ఊరు చేరేసరికి వచ్చేశాయి.

సాయంత్రం అక్కడి నుంచి వెనక్కి బస్సెక్కాను. బొమ్మలు ఎదురు చూస్తున్నాయి. ఒళ్లంతా తడిసి, మోకాళ్ల దాకా బురద, నుదుట గోపీచందనం కరిగి ముక్కు మీదకు దిగింది. కిటికీ పక్కన కూర్చుని, ఏ ముక్కతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. ఎదుటి సీట్లో ఓ పెద్దాయన నా పాదాల కేసే చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది, బస్సు నేల మీద అవి ఇంకా దరువు వేస్తూనే ఉన్నాయి.

"దిండీతో పోతున్నావా తల్లీ? పండరీపురం ఇటు కాదే," అన్నాడాయన.

"లేదు మామా," అన్నాను. "వంతెన కడుతున్నాను."